తొట్టి నుంచి ముద్రవేసిన జాడీ దాకా: ఈజిప్టు సమాధుల్లోని వైన్ దృశ్యాన్ని మట్టి పలక మీద గీసే పద్ధతి

లక్సర్‌కు ఎదురుగా, నైలు నది పడమటి గట్టున షేక్ అబ్ద్ ఎల్-ఖుర్నా అనే గుట్ట ఉంది. గుట్టంతా తొలిచిన సమాధులే. వాటిలో 52వ నంబరు సమాధి నఖ్త్ అనే లేఖకుడిది. అమున్ దేవుడి ఆలయంలో నక్షత్రాలను చూసి వేళలు లెక్కగట్టడం ఆయన ఉద్యోగం. కాలం నాలుగో తుత్‌మోస్ పాలన, అంటే సుమారు క్రీ.పూ. 1400. సమాధి చిన్నదే. అయినా అందులో ఒక గోడ మీదున్న ద్రాక్ష దృశ్యాన్ని ప్రపంచమంతా గుర్తుపడుతుంది: పందిరి కింద కాయ కోస్తున్న మనుషులు, తాళ్లు పట్టుకుని తొట్టిలో తొక్కుతున్నవాళ్లు, తూములోంచి కారుతున్న రసం, వరసగా పేర్చిన జాడీలు. దాని కింది వరసలో వలతో పక్షులను పడుతుంటారు.

ఇక్కడ చెప్పేది ఆ గోడకు నకలు తీయడం గురించి కాదు. ఆ సంప్రదాయంలోనే, ఆ కాలపు పదార్థాలకు దగ్గరగా ఉండే సామగ్రితో, 75 సెంటీమీటర్ల పొడవు, 32 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పలక మీద కొత్తగా ఒక దృశ్యం కూర్చడం గురించి. పని మొత్తానికి రెండు వారాలు పడుతుంది. అందులో సగం రోజులు మట్టి ఆరడానికే పోతాయి.

ముందు పని వరస తెలియాలి

ఈ చిత్రాలను గీసేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది కుంచెతో కాదు, తొట్టి దగ్గర ఏం జరుగుతోందో తెలియక. తెలుగు బైబిల్లో 'ద్రాక్షగానుగ' అన్న మాట ఉంది కదా, దాంతో మన కళ్ల ముందుకు నూనె గానుగ వస్తుంది. సమాధి చిత్రాల్లో తిరిగే రోకలి లేదు, ఎద్దు లేదు. ఉన్నదల్లా తొట్టి, కాళ్లు.

కాయ చేత్తోనే కోస్తారు. చిత్రాల్లో కత్తి దాదాపు కనబడదు. బుట్టల్లో తెచ్చి తొట్టిలో పోస్తారు. పాత రాజ్యపు, అంటే నఖ్త్‌కు వెయ్యేళ్లు అంతకుముందరి, సమాధుల్లో తొట్టి గోడలు పొట్టిగా ఉంటాయి, తొక్కేవాళ్లు పైనున్న అడ్డకర్రనో, ఒకరి నడుమునొకరో పట్టుకుంటారు. నఖ్త్ బతికిన కొత్త రాజ్యానికి వచ్చేసరికి తొట్టి ఎత్తుగా, స్తంభాల మీద కప్పుతో కనిపిస్తుంది. కప్పు దూలానికి తాళ్లు వేలాడుతుంటాయి. తొక్కిన గుజ్జు మీద కాలు జారుతుంది కాబట్టి తాడు అలంకారం కాదు, ఆసరా. రసం పక్కనున్న తూము గుండా చిన్న తొట్టిలోకి దిగుతుంది. అక్కణ్ణించి జాడీల్లోకి.

పాత, మధ్య రాజ్యాల సమాధుల్లో మరో ఘట్టం తరచుగా ఉంటుంది. తొక్కగా మిగిలిన తొక్కలను, ఈనెలను గుడ్డ సంచిలో వేసి, సంచి రెండు కొసలకూ కర్రలు తగిలించి తడిబట్ట పిండినట్టు మెలిపెట్టడం. నలుగురు మెలిపెడుతుంటే, కర్రలు దగ్గరకు రాకుండా ఐదోవాడు రెండింటి మధ్య అడ్డంగా, గాలిలో తేలుతున్నట్టు చాచుకుని ఉంటాడు. కైరోకు దగ్గర్లో, పాత రాజ్యపు సమాధులున్న సక్కారాలోని నెఫెర్ సమాధిలో ఆ చోట మనిషికి బదులు కొండముచ్చు లాంటి బబూన్ కోతి ఉంది! మధ్య రాజ్యపు సమాధులున్న బేనీ హసన్‌లోని 15, 17 నంబరు సమాధుల కాలానికి సంచిని చట్రానికి బిగించడం మొదలైంది, ఐదోవాడి అవసరం తీరింది. కొత్త రాజ్యపు గోడల మీద ఈ సంచి అరుదు. నఖ్త్ తరహా తొట్టి పక్కన బబూన్‌ను గీస్తే చూడ్డానికి సరదాగానే ఉంటుంది, కానీ వెయ్యేళ్ల తేడా ఉన్న రెండు కాలాలను ఒకే పలక మీద కలిపినట్టవుతుంది.

జాడీ నిండాక మూతికి రెల్లో, ఆకులో, మట్టిబిళ్లో అడ్డుపెట్టి, పైన బంకమట్టి టోపీ వేసి ముద్ర కొడతారు. తొక్కడానికీ ముద్రకూ మధ్య జరిగే అసలు సంగతి, అంటే పులియడం, ఏ గోడ మీదా కనిపించదు. ఎండాకాలం చివరి వేడిలో, తొక్కల మీదుండే ఈస్టుతో రసం దానంతటదే పులుస్తుంది. ఆ వాయువు బయటికి పోయేందుకు కొన్ని మూతలకు చిన్న రంధ్రం వదిలి, తర్వాత పూడ్చేవారు. తవ్వకాల్లో అలాంటి మూతలు దొరికాయి. చిత్రకారుడికి మాత్రం అది గీయదగ్గ పనిగా తోచలేదు.

ఏ సమాధిలో ఏం చూడాలి

నఖ్త్ గోడకు నార్మన్, నీనా డేవిస్ దంపతులు తీసిన రంగుల నకళ్లు న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. వాళ్ల పుస్తకం 1917లో వచ్చింది. మ్యూజియం వెబ్‌సైటులో పెద్ద బొమ్మలు దొరుకుతాయి. తొట్టి, తాళ్లు, పందిరి వాటిలో చూసి నేర్చుకోవాలి. జాడీలు నింపడం, వాటిని పడవలో తరలించడం కావాలంటే 261వ నంబరు ఖఎమ్‌వాసెత్ సమాధి. తీగ, ఆకు, గుత్తి కోసం 96వ నంబరు సెన్నెఫెర్ సమాధి. అక్కడ రాయి ఎగుడుదిగుడుగా ఉంటే చదును చేయకుండా దాని మీదే ద్రాక్షతీగలు గీశారు, పైకి చూస్తే గుత్తులు నిజంగా వేలాడుతున్నట్టుంటుంది. టూనా ఎల్-గెబెల్‌లోని పెతోసిరిస్ సమాధిని ఈ పనికి ఆదర్శంగా తీసుకోవద్దు. అది క్రీ.పూ. 300 ప్రాంతానిది, మనుషుల ఒళ్లూ బట్టలూ గ్రీకు తీరులో ఉంటాయి.

పలక తయారీ

ఖుర్నా గుట్ట రాయి నాసిరకం, పొరలుగా ఊడుతుంది. చెక్కడానికి పనికిరాదు కాబట్టి గోడకు గడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన పల్చగా తెల్లటి జిప్సం పూత వేసి, అది ఆరాక రంగులు వేశారు. తడి సున్నం మీద వేసే ఫ్రెస్కో కాదిది. బంకతో కలిపిన రంగును పొడి గోడ మీద వేయడం.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు గోనెగుడ్డ ముక్కను వడ్రంగి జిగురుతో అంటించండి. ఆరాక మట్టి. జల్లించిన ఎర్రమట్టి మూడు పాళ్లు, సన్న ఇసుక రెండు పాళ్లు, వేలి గోరంత పొడవుకు నరికిన వరిగడ్డి రెండు పాళ్లు (అన్నీ డబ్బా కొలతే) కలిపి, తడిపి, ఒక రాత్రి నాననివ్వాలి. 7 మిల్లీమీటర్ల మందానికి సుమారు రెండున్నర లీటర్ల పొడి మిశ్రమం చాలు. నల్లరేగడి వద్దు. తడిలో ఉబ్బి, ఆరితే బీటలు వారే మట్టి అది, చేలో నెర్రెలు చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మొదటి రోజే సన్న బీటలు కనిపిస్తే బంకమట్టి ఎక్కువైందన్నమాట. తీసి మళ్లీ ఇసుక కలపండి. ముట్టుకుంటే పొడిగా రాలుతుంటే ఇసుక ఎక్కువైంది.

నీడలో నాలుగు నుంచి ఆరు రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే అంచులు ముందు ఆరి పైకి లేస్తాయి.

దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అర కిలో, నీళ్లు 350 మిల్లీలీటర్లు, ఒక చెంచా పల్చటి జిగురు. జిగురు వల్ల గట్టిపడటం కొంచెం ఆలస్యమవుతుంది. మట్టి పలకను ముందు తడిబట్టతో అద్దకపోతే అది పూతలోని నీటిని క్షణంలో పీల్చేసి, తాపీ తీసిన చోటల్లా పూత పెళ్లలుగా వస్తుంది. మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు మించకూడదు. మర్నాడు నూరు మిల్లీలీటర్ల నీటిలో 5 గ్రాముల తుమ్మబంక కరిగించి ఒక పూత పూయండి. ఇది మానేస్తే తర్వాత వేసే ప్రతి గీతా బ్లాటింగ్ కాగితం మీది సిరాలా పాకుతుంది.

గడులు

ఈజిప్టు చిత్రకారులు ఎర్ర రంగులో ముంచిన దారాన్ని రెండు కొసలా బిగించి, మధ్యలో లాగి వదిలి గీతలు కొట్టేవారు. వడ్రంగులు ఈనాటికీ చేసే పనే. చాలా సమాధుల్లో, పని సగంలో ఆగిన చోట, ఆ గడులూ చిందిన ఎర్ర చుక్కలూ అలాగే ఉన్నాయి. పెద్ద బొమ్మలకే గడులు ఎక్కువగా వాడారు, ఇలాంటి కూలీల చిన్న బొమ్మలను చేతివాటంతో గీసిన చోట్లు చాలా. ఆ చేయి మనకు లేదు కాబట్టి గడులు వేసుకోవడమే మంచిది.

ఒక గడి ఒక సెంటీమీటరు. నిలుచున్న మగవాడు అరికాలి నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు వరకు 18 గడులు. మోకాలి పైభాగం 6వ గీత మీద, పిరుదుల కింది అంచు 9, నడుము వెనక ఒంపు 11, చనుమొన 14, మెడ భుజంతో కలిసే చోటు 16. భుజాల వెడల్పు 6 గడులు. పలకంతా గడులు గీస్తే తుడుచుకోవడానికే ఒక పూట పోతుంది. ప్రతి మనిషి చుట్టూ 8 గడుల వెడల్పు, 20 గడుల ఎత్తు గళ్లు వేస్తే చాలు.

వంగిన మనిషికి ఈ లెక్క తలకిందులవుతుందేమోనని కంగారుపడతారు. ఎత్తు మారుతుంది, అవయవాల పొడవు మారదు. మడమ నుంచి మోకాలికి 6 గడులు, అక్కణ్ణించి పిరుదుల కింది అంచుకు 3, దాని నుంచి భుజానికి 7. దారంతో అవయవం వెంబడి కొలవండి. ఇది పాటించకపోతే తొట్టిలో ఉన్నవాడికి కాళ్లు పొట్టివై మరుగుజ్జులా కనిపిస్తాడు.

దృశ్యం కూర్పు

ఎడమ నుంచి కుడికి: పందిరికి 26 సెంటీమీటర్లు, తొట్టికి 24, రసం పట్టే చిన్న తొట్టికీ మనిషికీ 10, జాడీలకు 15. నేల గీత అడుగు నుంచి 3 సెంటీమీటర్ల మీద.

పందిరి: మన పందిరికీ దీనికీ పెద్ద తేడా లేదు. రెండు పక్కలా పంగలకర్రలు, వాటి మీద అడ్డకర్ర. నఖ్త్ చిత్రంలో తీగ విల్లులా వంగి మనుషుల తలల మీదుగా పోతుంది. ఆ ఆకారం ఎంత బలమైందంటే, పంగలకర్రల మీది ద్రాక్షతీగే ఈజిప్టు చిత్రలిపి అయిన హైరోగ్లిఫ్ లిపిలో ద్రాక్షతోటకూ వైన్‌కూ సంబంధించిన మాటలకు గుర్తుగా నిలిచింది. ఇద్దరు మనుషులు, ఒకరు నిటారుగా చెయ్యెత్తి, మరొకరు కొంచెం వంగి. ఒకరికి జుట్టు పల్చబడినట్టు గీస్తే తప్పు కాదు. యజమాని బొమ్మకు వయసు రాకూడదు, కూలీకి రావచ్చు. ఈ చిత్రాల్లో చిత్రకారుడికి దొరికిన స్వేచ్ఛంతా కూలీల బొమ్మల్లోనే ఉంది.

తొట్టి: నేల నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తున తొక్కే నేల, దాని మీద గోడ అంచు ఇంకో 2 సెంటీమీటర్లు. దూలం 28వ సెంటీమీటరు మీద. ముగ్గురు మనుషులు చాలు. ఒక్కొక్కరి చేతిలో తాడు, ఒక మోకాలు ఎత్తి. ఎత్తిన కాలు అందరికీ ఒకటే ఉండకూడదు, అలాగని ముగ్గురికి మూడు భంగిమలూ వద్దు. లయ పోతుంది. తొక్కడంలో లయ ఎంత ముఖ్యమో సక్కారాలోని మెరెరుకా సమాధి చెబుతుంది. తొట్టి పక్కన ఇద్దరు కూర్చుని కర్రలు చప్పట్లలా కొడుతుంటారు, వాళ్లిద్దరి చుట్టూ గుడ్డు ఆకారంలో ఒక గీత ఉంటుంది. ఆ గీత గోడ కాదు, గొయ్యి కాదు. వాళ్లు కూర్చున్న చాప. మనుషులను పక్కనుంచి చూపిస్తూ, చాపను మాత్రం పైనుంచి చూసినట్టు పరిచాడు.

ఈ పద్ధతి మొత్తానికి ఇదే కీలకం. ప్రతి వస్తువునూ అది తేలిగ్గా పోల్చుకోగల వైపు నుంచే చూపడం. ముఖం పక్కనుంచి, కన్ను ఎదుట నుంచి, భుజాలు ఎదుట నుంచి, నడుము కింద మళ్లీ పక్కనుంచి. పాదాలు రెండూ బొటనవేలి వైపు నుంచి. తొట్టి లోపలి పండు నిజానికి గోడ చాటున ఉండాలి, అయినా అంచుకు పైన ముదురు పట్టీలా కనిపించేట్టు గీస్తారు. బొమ్మల బడిలో నేర్చుకున్న చేయి దీన్ని 'సరిచేయాలని' లాగుతుంది. భుజం కొంచెం తిప్పుదాం, వెనకున్న జాడీ చిన్నది చేద్దాం అని. ఒక్కసారి సరిచేస్తే పలకంతా చెడుతుంది. వెనకున్నది కావాలంటే పైన గీయాలి. అందుకే జాడీలు నేల మీద కాకుండా చిన్న తొట్టి దగ్గరి మనిషి తలమీదుగా వరసకట్టి ఉంటాయి. గాలిలో తేలడం లేదవి, వెనక ఉన్నాయి. చేర్యాల పటాల్లో అడ్డపట్టీలుగా సాగే కథ చదివిన కంటికి ఇది త్వరగా పట్టుబడుతుంది.

జాడీలు 9 సెంటీమీటర్ల ఎత్తు, భుజం దగ్గర 3 వెడల్పు, కిందికి సన్నబడాలి. చదునైన అడుగు పెట్టొద్దు. పైన మట్టి టోపీ.

రంగులు

తుమ్మబంక 30 గ్రాములు, వేడినీళ్లు 60 మిల్లీలీటర్లు, ఒక రాత్రి నానబెట్టి గుడ్డలో వడకట్టి, ఒక చుక్క లవంగనూనె. ఈజిప్టువాళ్లు వాడిన బంకల్లో తుమ్మజాతి చెట్ల బంక ఒకటి, కాబట్టి ఈ ఒక్క విషయంలో మనం అసలుకు చాలా దగ్గరగా ఉన్నాం.

ఎరుపుకు జేగురు. పసుపుకు యెల్లో ఓకర్ అని అమ్మే మట్టి. ఆ కాలంలో మెరిసే పసుపుకు హరిదళం కూడా వాడారు, అందులో ఆర్సెనిక్ విషం ఉంటుంది, ఇంట్లో నూరవద్దు. తెలుపుకు సుద్ద, నలుపుకు దీపపు మసి. నీలం మాత్రం వాళ్లే తయారుచేసుకున్నది: ఇసుక, సున్నం, రాగి, క్షారం కలిపి 900 డిగ్రీల ప్రాంతంలో గంటల తరబడి కాల్చిన గాజు లాంటి పదార్థం. ఈజిప్షియన్ బ్లూ పేరుతో ఇప్పుడూ దొరుకుతుంది. దీన్ని మెత్తగా నూరితే బాగుంటుందనుకోవడం పొరపాటు. గరుకుగా ఉంటేనే ముదురు, మెత్తనయ్యేకొద్దీ వెలిసిపోతుంది. గరుకు రేణువు బరువు కాబట్టి దీనికి మాత్రం బంక మిగతా రంగులకంటే ఎక్కువ కలపాలి. ఆకుపచ్చకు నీలం, పసుపు కలపొచ్చు. మలకైటు (పచ్చటి రాగి ఖనిజం) పొడి వాడితే ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

బంక సరిపోయిందో లేదో పలక అంచున ఒక గీత గీసి, ఆరాక వేలితో రుద్ది చూడాలి. వేలికి రంగు అంటితే బంక చాలదు. గీత మెరుస్తూ, సన్నగా చిట్లితే ఎక్కువైంది.

వేసే వరస

ముందు పల్చటి జేగురుతో మొత్తం బొమ్మ. తప్పులుంటే తుడవకుండా పక్కనే నల్లగీతతో సరిదిద్దండి, పెద్ద చిత్రకారుడు శిష్యుడి గీతను దిద్దినట్టు. ఆ తర్వాత నేపథ్యం. నాలుగో తుత్‌మోస్ కాలం దాకా థీబ్స్ (నేటి లక్సర్ ప్రాంతం) సమాధుల్లో నేపథ్యం నీలిబూడిద రంగు, తర్వాత తెలుపువైపు మళ్లింది, రామెస్ రాజుల కాలంలో పసుపు ఎక్కువైంది. మన పలకకు 60 గ్రాముల సుద్దలో చిటికెడు మసి, చిటికెడు నీలం చాలు. మసి ఎక్కువైతే వానాకాలపు ఆకాశమవుతుంది. మనుషుల చుట్టూ ఒక వెంట్రుకవాసి వదిలి వేయాలి.

ఆపైన ఒళ్లు. పక్కపక్కన నిలిచినవాళ్లకు ఒకే ఎరుపు వేస్తే చేతులూ కాళ్లూ కలిసిపోయి ఎవరివి ఎవరివో తెలియదు. అందుకే ఒకరికి జేగురు, పక్కవాడికి అందులో నాలుగో వంతు పసుపు, కాస్త సుద్ద. తొట్టిలోని ముగ్గురికీ ఇది తప్పనిసరి. నీడలు వేయొద్దు. పంచెలకు తెలుపు పల్చగా, లోపలి తొడ రంగు కొంచెం తెలిసేలా.

ఆకులను ఒక్కొక్కటిగా ఈనెలతో గీయనక్కర్లేదు. పచ్చటి పరుపు వేసి చుక్కలతో చివరలు విరిస్తే చాలు. గుత్తి ముందు కొస కిందికి ఉన్న త్రికోణంలా నల్లగా వేసి, ఆరాక నీలం కొనతో చుక్కలు. ప్రతి చుక్క చుట్టూ కాస్త నలుపు మిగలాలి. చుక్కలు వరసల్లో పెడితే ద్రాక్ష కాదు, పూసల దండ.

రసానికి ఎరుపు వాడండి. నల్లద్రాక్ష రసం కూడా పిండగానే లేతగానే ఉంటుంది, తొక్కతో నానితేనే ఎరుపెక్కుతుంది కదా అని సందేహం రావచ్చు. నిజమే. కానీ గోడమీది రంగుకు ఆధారం ఉంది. 2004లో తుతన్‌ఖామున్ సమాధి జాడీల్లోని మడ్డిని పరీక్షిస్తే ద్రాక్షకు గుర్తైన టార్టారిక్ ఆమ్లంతో పాటు, ఎర్రద్రాక్ష రంగు పదార్థమైన మాల్విడిన్ నుంచి వచ్చే సిరింజిక్ ఆమ్లం దొరికింది. తర్వాతి పరీక్షల్లో అదే సమాధిలో తెల్ల వైన్ జాడీలూ తేలాయి. సమాధి గోడల మీద మాత్రం గుత్తులు ఎక్కువగా ముదురు రంగులోనే ఉంటాయి.

చివరగా అంచుగీత. ఒంటి చుట్టూతా ముదురు జేగురుతో, ఒకే ఒత్తిడితో, చేయి ఆపకుండా. ఈజిప్టులో దీనికి కొస నమిలి మెత్తబరచిన రెల్లుపుల్ల వాడేవారు. సన్నటి ఈతపుల్ల కొసను నమిలినా సరిపోతుంది. రంగు చిక్కగా ఉంటే గీత మధ్యలో తెగుతుంది, నాలుగైదు చుక్కల నీళ్లు కలపండి.

జాడీల పైన రాత వేయాలనుంటే 'ఇరెప్', అంటే వైన్. నిలువు రెల్లాకు, దాని పక్కన పైన నోరు, కింద చిన్న చదరపు పీట, ఆ తర్వాత జంట జాడీల గుర్తు. నిజమైన జాడీల మీద రాత దీనికంటే ముచ్చటైనది. పాలనలో ఎన్నో ఏడు, ఏ ఎస్టేటు, నైలు పడమటి పాయలో ఏ తోట, పెద్ద తోటమాలి ఎవరు అన్నీ సిరాతో జాడీ భుజం మీద గిలికి ఉండేవి. చిత్రాల్లోని జాడీల మీద అది గీయరు, మనమూ గీయొద్దు.

పూర్తయ్యాక వార్నిష్ కొట్టాలన్న ఆశ పుడుతుంది. కొడితే జిప్సం నూనెకాగితంలా తడిసినట్టు మారి, నీలం నల్లబడుతుంది. బంక రంగు నీళ్లు తగిలితే కరిగిపోతుంది, తడి గాలికి బూజు పడుతుంది. వానాకాలంలో బయటి గోడకు తగిలించకుండా లోపలి గోడకు, వెనక వేలెడు సందు వదిలి వేలాడదీయండి. దుమ్ము పడితే పొడి మెత్తటి కుంచెతో పైపైన దులపాలి, తడిబట్ట తాకించొద్దు.